కెనడానా, ఆస్ట్రేలియానా: తేల్చుకోడానికి వరసగా ఏం చెయ్యాలి

రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి, టెక్కలి వైపు నుంచి నెలకి నలుగురైదుగురు ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారు, అన్నా పీఆర్‌కి, అంటే అక్కడే స్థిరపడే వీసాకి, కెనడాకి వెయ్యనా ఆస్ట్రేలియాకి వెయ్యనా అని. ఫోన్‌లో అరగంటలో చెప్తే సగం గుర్తుండదు, మిగతా సగం తప్పుగా గుర్తుంటుంది, అందుకే మొత్తం వరసగా రాస్తున్నాను. మాది రాజాం దగ్గర ఊరు, నేను మెకానికల్, మా ఆవిడ నర్సు, 2022 నుంచి అడిలైడ్‌లో ఉంటున్నాం. మా బావమరిది వాళ్ళు కెనడాలో ఉన్నారు. రెండు వైపులా జరిగేది దగ్గరగా చూస్తున్నాను కాబట్టి రాయగలుగుతున్నాను.

ఏ దేశం మంచిది అని మొదలెట్టకండి. అలా మొదలెడితే ఆరు నెలలు వీడియోలు చూడ్డంలోనే పోతాయి. మీ ఉద్యోగానికి, మీ వయసుకి ఏ దేశంలో దారి ఉంది అన్నది ముందు, ఇంటి దగ్గర అమ్మానాన్నల సంగతి ఏంటి అన్నది తర్వాత, ఈ రెండూ తేలాకే మిగతావన్నీ. ఇందులో రాసిన ఫీజులు, అంకెలు 2025 నాటివి, డబ్బు కట్టే రోజున ప్రభుత్వ సైట్‌లో మళ్ళీ ఒకసారి చూసుకుని కట్టండి.

1. ముందు ఇద్దరూ కూర్చుని ఒక పుస్తకం తెరవండి

పెళ్ళయిన వాళ్ళయితే భార్యాభర్తలిద్దరి వివరాలూ పక్కపక్కన రాయండి. చాలా ఇళ్ళల్లో మగవాడి పేరుతోనే పాయింట్లు (వయసు, చదువు, ఇంగ్లిష్, అనుభవానికి ఆ దేశాలు వేసే మార్కులు) లెక్క కట్టి, చాల్లేదని వదిలేస్తారు, పక్కనే ఆవిడ బీఎస్సీ నర్సింగ్ చేసి ఐదేళ్ళు పనిచేసి ఉంటుంది, ఆవిడ పేరుతో వేస్తే ఎప్పుడో అయిపోయేది.

రాయాల్సినవి:

☐ పుట్టిన తేదీ, 33, 40, 45 ఏళ్ళు ఏ నెలలో నిండుతాయి
☐ డిగ్రీ, ఏ యూనివర్శిటీ ఇచ్చింది, ఏ ఏడాది
☐ ఉద్యోగాలు నెలలతో సహా, మధ్యలో ఖాళీలుంటే అవి కూడా
☐ ఆరు నెలలకి మించి ఉన్న వేరే దేశాలు
☐ ఇప్పుడు బ్యాంకులో నిజంగా ఉన్న డబ్బు, అప్పు కాకుండా
☐ తోబుట్టువులు ఎంతమంది, ఎవరెక్కడ ఉన్నారు (ఇది ఎందుకో 6వ స్టెప్పులో చెప్తాను)

2. మీ ఉద్యోగానికి కోడ్ వెతకండి

కెనడాలో ప్రతి పనికీ ఎన్‌ఓసీ కోడ్ ఉంటుంది, ఆస్ట్రేలియాలో యాంజ్‌స్కో కోడ్. మెకానికల్ ఇంజినీర్‌కి కెనడాలో 21301, ఆస్ట్రేలియాలో 233512. డిజిగ్నేషన్ చూసి కోడ్ పెట్టెయ్యకండి. కోడ్ కింద రాసిన పనులు చదివి, మీరు రోజూ చేసే పనులు వాటితో కలుస్తున్నాయా చూడండి. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో ఎగ్జిక్యూటివ్ అని ఒకే పేరుతో ముగ్గురుంటారు, ఒకాయన మెయింటెనెన్స్, ఒకాయన క్వాలిటీ, ఒకాయన ప్రొడక్షన్, ముగ్గురికీ కోడ్లు వేరు.

కోడ్ దొరికాక రెండు దేశాల్లోనూ అది ఏ లిస్టులో ఉందో చూడాలి. ఆస్ట్రేలియాలో 189 వీసా, అంటే ఎవరి స్పాన్సర్‌షిప్పూ అక్కర్లేని పీఆర్, దానికి ఒక లిస్టు. 190, 491 వీసాలకి రాష్ట్రాలు నామినేట్ చెయ్యాలి, ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో లిస్టు. కెనడాలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అని ఉంది, పేరు నమోదు చేసుకున్నవాళ్ళలో పాయింట్లు ఎక్కువున్నవాళ్ళని పిలుస్తారు, ఆ పిలుపునే డ్రా అంటారు. అందులో 2023 నుంచి కేటగిరీ డ్రాలు వచ్చాయి, హెల్త్‌కేర్, ట్రేడ్స్, ఫ్రెంచ్ వచ్చినవాళ్ళు, ఇలాగ. 2025 ఫిబ్రవరిలో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్) లిస్టు మార్చినప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చాలా తీసేసి సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ లాంటివి ఉంచారు. లిస్టులో పేరు ఉన్నంత మాత్రాన పిలుస్తారని కాదు, ఆ కేటగిరీకి ఈ మధ్య డ్రా తీశారా లేదా అన్నది కూడా చూడాలి.

ఒక దేశంలో మీ కోడ్‌కి అసలు దారే కనపడకపోతే ఇక్కడే ఆగిపోండి, ఆ దేశం గురించి ఇంక ఆలోచించక్కర్లేదు.

3. రెండు దేశాలకీ ఒకేరోజు పాయింట్లు లెక్కకట్టండి

నేను చేసిన తప్పు ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 2018లో ఒక ఏజెంటు దగ్గరకి వెళ్తే కెనడా కెనడా అన్నాడు, ఆస్ట్రేలియా లెక్క కట్టమని నేనూ అడగలేదు, ఆయనా కట్టలేదు. రెండేళ్ళు అలాగే చూస్తూ కూర్చున్నాను, ఈలోగా 33 నిండి ఆస్ట్రేలియాలో 5 పాయింట్లు పోయాయి. ఒకే రోజు రెండు లెక్కలూ కట్టి ఉంటే అంత టైము పొయ్యేది కాదు.

ఉదాహరణకి 31 ఏళ్ళ అబ్బాయి, పెళ్ళి కాలేదు, బీటెక్ మెకానికల్, మన దేశంలోనే 6 ఏళ్ళు పని, ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్ 8, మిగతా మూడూ 7.

కెనడా పాయింట్ల లెక్క (సీఆర్‌ఎస్ అంటారు) ఇది, మొత్తం 1200కి:

వయసు 99
బీటెక్ 120
ఇంగ్లిష్ 124
డిగ్రీ, ఇంగ్లిష్ కలిపి 25
బయటి అనుభవం, ఇంగ్లిష్ కలిపి 50
మొత్తం 418

ఇదే అబ్బాయి ఎంటెక్ చేసి ఉంటే 458 అయ్యేది. 2025లో కెనడాలో ఇప్పటికే పనిచేస్తున్నవాళ్ళ డ్రాలు 500 పైనే నడిచాయి. ఉద్యోగం ఆఫర్ ఉంటే ఇచ్చే పాయింట్లు 2025 మార్చి 25 నుంచి తీసేశారు, ఎవరైనా ఆఫర్ లెటర్ కొనిస్తాం పాయింట్లు పెరుగుతాయి అంటే అది అబద్ధం. అదే ఒక ప్రావిన్సు (అక్కడి రాష్ట్రం) నామినేట్ చేస్తే 600 వస్తాయి, అప్పుడు ఇంక ఆలోచించేదేమీ ఉండదు.

ఆస్ట్రేలియా లెక్క, అదే అబ్బాయికి:

వయసు (25 నుంచి 32 వరకూ) 30
ఇంగ్లిష్ అన్నిట్లో కనీసం 7 ఉంటే 10
డిగ్రీ 15
5 నుంచి 7 ఏళ్ళ అనుభవం 10
పెళ్ళి కానందుకు 10
మొత్తం 75

కనీసం 65 ఉంటే పేరు నమోదు చేసుకోవచ్చు గానీ 65కి పిలుపు వస్తుందని అనుకోకండి. రాష్ట్రం 190కి నామినేట్ చేస్తే ఇంకో 5, 491కి చేస్తే 15, అంటే 90 అవుతుంది. 491 అంటే ఐదేళ్ళ వీసా, సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాకుండా మిగతా చోట్ల ఉండాలి, మూడేళ్ళు ఉండి ట్యాక్స్ కాగితాలు చూపిస్తే 191 కింద పీఆర్ వస్తుంది. మేము వచ్చింది ఇలాగే. రీజనల్ అనగానే పల్లెటూరు అనుకుంటారు, అడిలైడ్, పెర్త్, కాన్‌బెర్రా కూడా రీజనలే.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పులు:

• అనుభవం మొత్తం లెక్కేసుకోవడం. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఏసీఎస్ అని ఆస్ట్రేలియాలో చదువు, అనుభవం సరిచూసే (స్కిల్ అసెస్‌మెంట్ చేసే) సంస్థ ఉంటుంది, వాళ్ళు మొదటి రెండేళ్ళో, డిగ్రీ వేరేదైతే నాలుగేళ్ళో కోసేస్తారు. 6 ఏళ్ళ అనుభవం 4 అయిపోయి 10 పాయింట్ల చోట 5 వస్తాయి.
• రాబోయే ఏడాది వయసు చూడకపోవడం. కెనడాలో 30 నుంచి 40 వరకూ ప్రతి పుట్టినరోజుకీ అయిదో ఆరో పోతాయి, ఆ తర్వాత పదకొండేసి, 45కి సున్నా. ఆస్ట్రేలియాలో 33కి ఒకసారి, 40కి ఒకసారి తగ్గి, 45 నిండితే అసలు పిలవరు. 32న్నర ఏళ్ళ మనిషికి ఆస్ట్రేలియా తొందర, 34 ఏళ్ళ మనిషికి కెనడా తొందర, ఇలా ఎవరి లెక్క వాళ్ళది.
• పెళ్ళి లెక్క మర్చిపోవడం. ఆస్ట్రేలియాలో ఒంటరిగా వేస్తే 10, భార్యకి ఇంగ్లిష్ అన్నిట్లో 6 ఉంటే 5, ఆవిడకి కూడా స్కిల్ అసెస్‌మెంట్ ఉంటే 10, ఏమీ లేకపోతే సున్నా. ఒక్క పరీక్ష రాస్తే ఐదు పాయింట్లు వస్తుంటే ఎందుకు వదలాలి చెప్పండి.

4. పాయింట్లు పెంచే పనుల్లో ఏది చవకో చూడండి

మొదటిది ఇంగ్లిష్. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ఒక్కటి రాస్తే కెనడాకీ పనికొస్తుంది, ఆస్ట్రేలియా వీసాకీ పనికొస్తుంది. పీటీఈ అని ఇంకో ఇంగ్లిష్ పరీక్ష ఉంది, అదైతే అలా కాదు, కెనడాకి పీటీఈ కోర్, ఆస్ట్రేలియాకి పీటీఈ అకడమిక్, పేరు ఒకటే గానీ పరీక్షలు వేరు. ఏ దేశమో తేలకముందు పీటీఈ రాసి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలిసి ముగ్గురున్నారు. 2025 ఆగస్టు 7 నుంచి ఆస్ట్రేలియా పీటీఈ స్కోర్లు మార్చింది, పాత 65, 79 లెక్కలు చెప్పే కోచింగ్ నోట్సు పక్కన పడెయ్యండి. ఫలితం కెనడాకి రెండేళ్ళు, ఆస్ట్రేలియాకి మూడేళ్ళు చెల్లుతుంది.

రెండోది మన తెలుగే. ఆస్ట్రేలియాలో నాటి (NAATI) అనే సంస్థ పెట్టే సీసీఎల్ అని పరీక్ష ఉంది, ఇంగ్లిష్ నుంచి తెలుగుకి, తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి మాటలు విని చెప్పాలి, పాసైతే 5 పాయింట్లు. 90కి 63 రావాలి, రెండు సంభాషణల్లో ఒక్కోదాంట్లో 45కి కనీసం 29 రావాలి. మన యాసకి మార్కులు పోతాయేమో అని భయపడతారు, పొయ్యేది యాసకి కాదు, వాక్యంలో సగం వదిలేస్తే. ఆసుపత్రి, కోర్టు, ఇల్లు అద్దె, బడి, ఈ నాలుగు విషయాల మీద మాటలు రాసుకుని ఇంట్లో ఒకరు చదువుతుంటే ఇంకొకరు మార్చి చెప్పే ప్రాక్టీసు నెలరోజులు చేస్తే చాలు.

మూడోది ఫ్రెంచ్, ఇది కెనడాకి. 2025 మార్చిలో ఫ్రెంచ్ డ్రా 379కి కూడా వచ్చింది. పైన చెప్పిన 418 అబ్బాయికి ఫ్రెంచ్ ఏడో లెవెల్ వచ్చి ఉంటే పని అయిపోయేది. కానీ అక్షరాల నుంచి మొదలెట్టి ఆ లెవెల్‌కి రావాలంటే ఏడాది పైనే గట్టిగా చదవాలి, ఉద్యోగం చేస్తూ రోజూ రెండు గంటలు ఇవ్వలేని వాళ్ళు దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

5. వెళ్ళాక పని దొరుకుతుందా, ఇక్కడినుంచే ఎలా తెలుసుకోవాలి

వీసా వచ్చి పని దొరక్కపోతే ఏడాదికల్లా మనసు విరిగిపోతుంది, అందుకే ఈ స్టెప్పు దాటెయ్యకండి.

రెండు దేశాల్లో రెండేసి ఊళ్ళు పెట్టుకోండి. ఆస్ట్రేలియాకి సీక్, కెనడాకి జాబ్ బ్యాంక్ అనే ఉద్యోగాల సైట్లు తెరిచి మీ పనికి ముప్ఫై ప్రకటనలు చదవండి, ఊరికే లెక్కపెట్టడం కాదు చదవాలి. ఒక్కోదాని పక్కన మూడు టిక్కులు పెట్టండి:

☐ అక్కడి లైసెన్స్ అడుగుతున్నారా
☐ పౌరసత్వం అడుగుతున్నారా
☐ మీకు రాని సాఫ్ట్‌వేరో మెషీనో అడుగుతున్నారా

అడిలైడ్‌లో డిఫెన్స్ పనులు ఎక్కువ, మెకానికల్ ప్రకటనలు బోలెడు కనిపిస్తాయి, చదివితే చాలావాటికి ఆస్ట్రేలియా పౌరసత్వం ఉండాలి. నేను వచ్చే ముందు ప్రకటనలు లెక్కపెట్టానే గానీ లోపల చదవలేదు, మొదటి ఐదు నెలలు వేర్‌హౌస్‌లో చేశాను.

కెనడాలో ఇంజినీర్ అని పేరు పక్కన పెట్టుకోడానికి ప్రావిన్సు లైసెన్స్ కావాలి. ఒంటారియోలో 2023 మే నుంచి దానికి కెనడా అనుభవం ఉండాలన్న షరతు తీసేశారు, మంచి మార్పు. నర్సులకి రెండు దేశాల్లోనూ ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్ పరీక్ష ఉంది. మన దేశంలో చదివినవాళ్ళకి ఆస్ట్రేలియాలో దాని తర్వాత ఓస్కీ అని ప్రాక్టికల్ కూడా ఉంటుంది, అది ఆస్ట్రేలియా వచ్చి రాయాలి, ఆ ప్రయాణం ఖర్చు కూడా లెక్కలో పెట్టుకోండి.

జీతం చదివేటప్పుడు ఒక మాట. ఆస్ట్రేలియా ప్రకటనలో ప్లస్ సూపర్ అని ఉంటే పింఛన్ డబ్బు 12 శాతం జీతం మీద అదనం, ప్యాకేజీ అని ఉంటే అందులోనే కలిపేసి ఉంటుంది. ఇళ్ళ అద్దె అక్కడ వారానికి చెప్తారు, మనవాళ్ళు నాలుగుతో గుణించి నెల అద్దె అనుకుంటారు, 52తో గుణించి 12తో భాగించాలి. వారానికి 500 అంటే నెలకి 2000 కాదు, 2167.

6. అమ్మానాన్నలు, పొలం

నా మట్టుకు నాకు ఇదే అసలు స్టెప్పు. పాయింట్లు రెండు దేశాల్లోనూ సరిపోయినవాళ్ళకి చివరికి నిర్ణయం ఇక్కడే అవుతుంది, కానీ అందరూ దీన్ని వీసా వచ్చాక మాట్లాడుకుంటారు. అప్పటికి ఫీజులు కట్టేసి ఉంటారు, వెనక్కి రాలేరు.

కెనడాలో తల్లిదండ్రుల పీఆర్ స్పాన్సర్‌షిప్ లాటరీ లాగా నడుస్తూ వచ్చింది, 2025లో కూడా 2020లో పేర్లు ఇచ్చినవాళ్ళనే పిలిచారు. అందుకని దాని మీద ఆధారపడొద్దు. ఉన్నది సూపర్ వీసా. పదేళ్ళ వరకూ చెల్లుతుంది, ఒక్కసారి వస్తే ఐదేళ్ళ వరకూ ఉండొచ్చు. మీ ఆదాయం వాళ్ళు చెప్పిన గీత దాటాలి, కనీసం లక్ష డాలర్ల కవరేజీతో ఏడాది మెడికల్ ఇన్సూరెన్సు ఉండాలి.

ఆస్ట్రేలియాలో తల్లిదండ్రుల పీఆర్‌కి కాంట్రిబ్యూటరీ వీసా ఉంది, ఒక్కొక్కరికి దాదాపు 48 వేల డాలర్లు, పైగా ఏళ్ళ తరబడి క్యూ. డబ్బు తక్కువ అయ్యే వీసాకి క్యూ 30 ఏళ్ళు దాటింది, అంటే లేనట్టే. ఇంకా దీనికి ముందు బ్యాలెన్స్ ఆఫ్ ఫ్యామిలీ అని ఒక పరీక్ష ఉంటుంది. పిల్లల్లో కనీసం సగం మంది ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలి, లేదా ఏ ఇతర దేశంలో ఉన్నవాళ్ళకన్నా ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళు ఎక్కువ ఉండాలి. ఇద్దరు పిల్లలు, ఒకరు ఆస్ట్రేలియా, ఒకరు శ్రీకాకుళం, పాస్. ముగ్గురు పిల్లలు, మీరు ఆస్ట్రేలియా, అప్ప పాలకొండ, తమ్ముడు వైజాగ్, ఫెయిల్. తోబుట్టువుల లెక్క ముందే రాయమన్నది ఇందుకే. 870 అని తాత్కాలిక వీసా ఒకటుంది, మూడేళ్ళకి గానీ ఐదేళ్ళకి గానీ ఇస్తారు, మొత్తం మీద పదేళ్ళు దాటదు, దానికీ వేలల్లో ఫీజు.

ఇప్పుడు ఇంట్లో కూర్చుని నేరుగా అడగండి, మా అమ్మని నేను అడిగినట్టు. ఆవిడ ఒక్క మాటే చెప్పింది, "నేనక్కడ ఉండిపోలేన్రా నాయినా, నువ్వు ఏడాదికోసారి రావడానికి ఏది వీలయితే అక్కడికెళ్ళు" అని. చాలామంది తల్లిదండ్రులు ఇలాగే అంటారు, అప్పుడు పీఆర్ లెక్కలన్నీ పక్కకి పోయి ప్రయాణం లెక్క ముందుకొస్తుంది. వైజాగ్ నుంచి సింగపూర్‌కి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, అక్కడినుంచి పెర్త్, అడిలైడ్, మెల్‌బోర్న్ ఒక్క ప్రయాణం. పెర్త్ మనకన్నా రెండున్నర గంటలే ముందు, సాయంత్రం అమ్మ దీపం పెట్టే వేళకి ఫోన్ చెయ్యొచ్చు. టొరంటో తొమ్మిదిన్నర, పదిన్నర గంటలు వెనక, అక్కడ మీరు సాయంత్రం పని నుంచి ఇంటికొచ్చేసరికి ఇక్కడ వాళ్ళు ఇంకా నిద్రలో ఉంటారు. మా నాన్నకి పోయిన ఏడాది ఒంట్లో బాగోకపోతే మర్నాటికి ఇంటి దగ్గరున్నాను. బావమరిదికి వాళ్ళ అమ్మగారి టైముకి ఆ వీలు కాలేదు, ఆ బాధ వాడికి ఇంకా ఉంది.

అదే అమ్మానాన్నలిద్దరూ వచ్చి మనవల్ని చూసుకుంటూ రెండు మూడేళ్ళు ఉండాలన్న ఆశ ఉంటే కెనడా సూపర్ వీసా చాలా మేలు. ఆస్ట్రేలియాలో అంత తేలికైనది లేదు.

పొలం సంగతి. ఎన్నారై అయ్యాక వ్యవసాయ భూమి కొనలేరు, ఉన్నది ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చేది తీసుకోవచ్చు. అక్కడ పౌరసత్వం తీసుకుంటే మన పాస్‌పోర్టు వదులుకోవాలి, ఓసీఐ కార్డు వస్తుంది, దానితోనూ వ్యవసాయ భూమి కొనలేరు. పొలం కొనాలని గానీ అన్నదమ్ముల పంపకాలు చేసుకోవాలని గానీ ఉంటే వెళ్ళకముందే రిజిస్ట్రేషన్, పట్టాదారు పాస్‌బుక్ పనులు చేసుకోండి.

పౌరసత్వం టైము కూడా చూడండి. కెనడాలో ఐదేళ్ళలో 1095 రోజులు ఉండాలి. ఆస్ట్రేలియాలో నాలుగేళ్ళు ఉండాలి, అందులో కనీసం చివరి ఏడాది పీఆర్ మీద.

7. డబ్బు

కెనడాకి ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ దారిలో (బయటి దేశం అనుభవంతో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వేసే దారి) బ్యాంకులో డబ్బు చూపించాలి, ఒక్కరికి 15,263 కెనడా డాలర్లు, నలుగురికి 28,362. డాలరు 63 రూపాయలు అనుకుంటే ఒక్కరికి తొమ్మిదిన్నర లక్షలు దాటుతుంది, నలుగురికి దగ్గర దగ్గర 18 లక్షలు. పొలం, ఇల్లు లెక్కలోకి రావు, అప్పు తెచ్చి చూపించకూడదు, ఆరు నెలల బ్యాలెన్సు చూస్తారు. నాన్న పొలం అమ్మి ఇస్తే తప్పు లేదు గానీ గిఫ్ట్ డీడ్, అమ్మకం కాగితం రెండూ పెట్టాలి, డబ్బు చేతికి కాకుండా ఖాతాకి రావాలి. ఫీజు పెద్దవాళ్ళకి ఒక్కొక్కరికి 1,525, పిల్లలకి 260.

ఆస్ట్రేలియా 189కి అలా ఇంత చూపించాలి అన్న అంకె లేదు, ఫీజు మాత్రం ఎక్కువ. 2025 జులై నుంచి 4,910 ఆస్ట్రేలియా డాలర్లు, భార్యకి అందులో సగం, ఒక్కో బిడ్డకీ పావు. రిజెక్ట్ అయితే తిరిగి రాదు.

పిల్లలుంటే ఇంకోటి. కెనడాలో పీఆర్‌తో దిగగానే చైల్డ్ బెనిఫిట్‌కి అప్లై చెయ్యొచ్చు. ఆస్ట్రేలియాలో కొత్తవాళ్ళకి చాలా ప్రభుత్వ సాయాలకి నాలుగేళ్ళ వరకూ ఆగాలి, మెడికేర్ (ప్రభుత్వ వైద్యం) మాత్రం మొదటినుంచీ ఉంటుంది. మొదటి ఏడాది ఒక్క జీతం మీద గడవాల్సిన ఇల్లయితే ఈ తేడా తక్కువేం కాదు.

8. కాగితాలు: రెండు దేశాలకీ పనికొచ్చేవి ముందు

నిర్ణయం అవ్వకపోయినా ఇవి మొదలెట్టొచ్చు, ఏ దేశమైనా కావాల్సినవే. పిలుపు వచ్చాక రెండు చోట్లా 60 రోజులే టైము.

పేరు: టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా, డిగ్రీలో పొట్టి అక్షరాలు, మన వైపు ప్రతి రెండో మనిషికీ ఇదే గొడవ. ముందు పాస్‌పోర్టు సరిచేసుకోండి, తర్వాతే ఇంగ్లిష్ పరీక్షకి కట్టండి, ఎందుకంటే పరీక్ష పాస్‌పోర్టు పేరు మీదే ఉంటుంది.

జిల్లా: 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా, రాజాం విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. పుట్టిన ఊరు పాస్‌పోర్టులో శ్రీకాకుళం జిల్లా అనుంటే ఫారంలో అలాగే రాయండి, ఇప్పటి అడ్రసు కొత్త జిల్లాతో రాయండి, ఎందుకు తేడా ఉందో నాలుగు లైన్ల లెటర్ జతచెయ్యండి.

ట్రాన్‌స్క్రిప్టులు: డిగ్రీ పట్టా మీద ఏ యూనివర్శిటీ పేరుంటే అక్కడికే వెళ్ళాలి. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ యూనివర్శిటీ 2022లో వచ్చింది, అంతకుముందు పాసైనవాళ్ళ పట్టా కాకినాడది అయితే కాకినాడే వెళ్ళాలి. ఆంధ్రా యూనివర్శిటీ అయితే వైజాగ్. రెండు మూడు సీల్డ్ కవర్లు ఒకేసారి తీసుకోండి, మళ్ళీ తిరగక్కర్లేదు. మన డిగ్రీ అక్కడ దేనికి సమానమో చెప్పే ఈసీఏ రిపోర్టు కెనడాకి కావాలి, అది ఐదేళ్ళు చెల్లుతుంది.

అనుభవం లెటర్: లెటర్‌హెడ్ మీద హోదా, తేదీలు, వారానికి ఎన్ని గంటలు, జీతం, చేసిన పనులు, అన్నీ ఉండాలి. కోడ్ కింద ఉన్న లైన్లు మక్కీకి మక్కీ దించకండి, దొరికిపోతుంది. వెనకాల పీఎఫ్ పాస్‌బుక్, ఫారం 16, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టండి. ఆస్ట్రేలియా స్కిల్ అసెస్‌మెంట్‌కి ఇంజినీర్లు సీడీఆర్ అనే రిపోర్టు రాయాలి, మూడు ప్రాజెక్టులు సొంత మాటల్లో. వేరేవాళ్ళది కాపీ కొడితే రిజెక్ట్ చేసి కొంతకాలం మళ్ళీ వెయ్యనివ్వరు.

పోలీస్ క్లియరెన్స్: మన దేశానిది పాస్‌పోర్ట్ సేవలో వస్తుంది. మన వైపు గల్ఫ్‌లో చేసి వచ్చినవాళ్ళు చాలామంది, వాళ్ళకి అక్కడిది కూడా కావాలి. గడిచిన పదేళ్ళలో కెనడాకి వరసగా ఆరు నెలలు, ఆస్ట్రేలియాకి మొత్తం ఏడాది ఉన్న ప్రతి దేశానిదీ అడుగుతారు. తిరిగొచ్చేసిన తర్వాత అది తెప్పించుకోవడం కష్టం, ఇంకా అక్కడే ఉన్నవాళ్ళు వచ్చే ముందే కనుక్కోండి.

9. ఏజెంటు దగ్గరకి వెళ్తే

ఏజెంటు లేకుండా చేసుకోవచ్చు. కావాలంటే వీసా సలహాలు ఇవ్వడానికి ఉండాల్సిన లైసెన్స్ నంబరు, అంటే కెనడాకి ఆర్‌సీఐసీ నంబరు, ఆస్ట్రేలియాకి మారా నంబరు అడిగి, ఆ నంబరు మీరే సైట్‌లో వెతికి, ఆ మనిషితోనే మాట్లాడండి.

వెంటనే లేచి వచ్చెయ్యాల్సిన మాటలు:

• పీఆర్ గ్యారంటీ
• అనుభవం లెటర్ మేమే తెస్తాం
• లాగిన్, పాస్‌వర్డ్ మా దగ్గరే ఉంటాయి
• ఆ దేశం వద్దు, ఈ దేశమే, లెక్క కట్టకుండానే

తప్పుడు కాగితం దొరికితే కెనడా ఐదేళ్ళు, ఆస్ట్రేలియా మూడేళ్ళు రానివ్వదు. పోయేది ఏజెంటు పేరు కాదు, మీ పేరు.

10. తేల్చుకునే రోజు

ఇంతవరకూ వచ్చేసరికి చాలామందికి ఒకటే మిగులుతుంది. రెండూ మిగిలితే ఈ వరసలో అడగండి, ఏ ప్రశ్న దగ్గర తేడా గట్టిగా కనిపిస్తే అక్కడే ఆగి అదే తీసుకోండి, కిందకి వెళ్ళకండి.

ఒకటి, వచ్చే పన్నెండు నెలల్లో ఏ దేశంలో పిలుపు రావడానికి మీ పాయింట్లు సరిపోతాయి. రెండు, అమ్మానాన్నలు ఏం చెప్పారు. మూడు, ముప్ఫై ప్రకటనల్లో మీరు రేపే అప్లై చెయ్యగలిగినవి ఎక్కడ ఎక్కువ. నాలుగు, మొదటి ఆరు నెలలు జీతం లేకపోయినా గడిచే డబ్బు ఎక్కడికి సరిపోతుంది. చలి, ఎండ, మనవాళ్ళు ఎంతమంది, గుడి ఉందా, ఇవన్నీ ఐదోది. విన్నిపెగ్‌లో చలికాలం మైనస్ 30 దాకా పోతుంది, నిజమే, కానీ మంచి ఉద్యోగం ఉన్న ఇల్లు చలిని తట్టుకుంటుంది. ఆస్తమా ఉన్న పిల్లాడుంటే మాత్రం ఈ ఐదోది రెండో చోటుకి తెచ్చుకోండి.

చుట్టాలున్నారని దేశం ఎంచుకోవద్దు. మొదటి నెల ఉండటానికి చోటు దొరుకుతుంది, మంచిదే, దాని కోసం ఇరవయ్యేళ్ళ నిర్ణయం చెయ్యకండి.

11. తేల్చుకున్నాక రెండో దేశం ఫైలు మూసెయ్యకండి

రెండు చోట్లా పేరు నమోదు చేసి ఉంచడం తప్పు కాదు, రెండూ ఉచితమే. కెనడా ప్రొఫైల్ 12 నెలలు, ఆస్ట్రేలియా ఈఓఐ రెండేళ్ళు ఉంటుంది. గోడ మీద క్యాలెండర్‌లో ఈ తేదీలు రాసి పెట్టండి:

☐ ఇంగ్లిష్ ఫలితం కెనడాకి ముగిసే రోజు, ఆస్ట్రేలియాకి ముగిసే రోజు
☐ స్కిల్ అసెస్‌మెంట్ ముగిసే రోజు
☐ సీసీఎల్ ముగిసే రోజు, మూడేళ్ళు
☐ పాస్‌పోర్టు ముగిసే రోజు
☐ వయసు పాయింట్లు తగ్గే పుట్టినరోజు
☐ పెళ్ళి, పుట్టుక, ఉద్యోగం మార్పు ఏది జరిగినా రెండు ప్రొఫైళ్ళూ అదే వారం మార్చడం

మొదటి దేశం వీసా పాస్‌పోర్టు నంబరుతో సహా మెయిల్‌లో చేతికి వచ్చాక రెండోది వెనక్కి తీసుకోండి, ఆ తర్వాతే ఇక్కడ ఉద్యోగానికి నోటీసు ఇవ్వండి.